వార్త నడిచిన దారి: మన్యంలో బారికి నుంచి టవర్ దాకా

మన్యం చరిత్ర అనగానే మనకు పితూరీలు గుర్తొస్తాయి. ముఠాదార్లు, అటవీ చట్టాలు, పోలీసు స్టేషన్ల మీద దాడులు గుర్తొస్తాయి. బడిలో మేము పిల్లలకు చెప్పేదీ ఎక్కువగా అదే. కానీ కొండమీద వార్త ఎలా నడిచింది, ఎవరి కబురు ఎవరికి చేరింది, ఎవరి మాట దారిలోనే ఆగిపోయింది అన్నది కూడా మన చరిత్రే. ఇవాళ మా ఊరికి టవర్ కావాలని మనం అర్జీలు పెట్టుకుంటున్నాం. ఆ అర్జీ వెనక దాదాపు నూటయాభై ఏళ్ల కథ ఉంది. అది తెలిస్తే ఏం అడగాలో, ఎలా అడగాలో మరికొంత స్పష్టంగా తెలుస్తుంది.

బారికి నోట వార్త

మన ఊళ్లలో వార్తకు ఒక మనిషి ఉండేవాడు. విశాఖ మన్యంలో అతన్ని బారికి అంటాం. ఊరి పెద్ద చెప్పిన మాటను ఇంటింటికీ చేర్చడం, పక్క ఊరికి చావు కబురో పెళ్లి కబురో మోసుకుపోవడం, పండుగ ఏ రోజో పెద్దలు తేల్చాక వీధిలో చాటడం అతని పని. డప్పు మోత తీరును బట్టి చావో పండుగో ఇంట్లో ఉన్నవాళ్లకి తెలిసిపోయేది. దూరపు కబుర్లకు సంత ఉండేది. ఇచ్చిన ఆడపిల్ల ఎలా ఉందో, ఏ గెడ్డ పొంగిందో, చింతపండు ధర ఎంత పలుకుతోందో అన్నీ సంతలోనే తెలిసేవి.

ఈ ఏర్పాటులో రెండు మంచి గుణాలున్నాయి. వార్త మన భాషలో నడిచేది. కువి మాట్లాడేవాళ్లకి కువిలో, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లకి ఆ భాషలో అందేది. రెండోది, అది రెండు వైపులా నడిచేది. కబురు తెచ్చిన మనిషే జవాబూ పట్టుకుపోయేవాడు. లోపం ఒక్కటే. కొండ దిగాక ఆ వార్తకు విలువ లేదు. కింద రాజ్యం కాగితం మీద నడిచేది.

చదవలేని కాగితం

1879లో గోదావరి మన్యంలో మొదలైన రంప పితూరీకి కారణాలు చెప్పేటప్పుడు మనం చిగురుపన్ను గురించి, మునసబుదారు దౌర్జన్యం గురించి చెబుతాం. బ్రిటిష్ వాళ్ల రికార్డుల్లోనే రాసి ఉన్న ఇంకో కారణం ఉంది. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు కొండవాళ్లతో ఒప్పందాలు రాయించుకునేవారు. తర్వాత కింద సివిల్ కోర్టులో దావా వేసేవారు. కోర్టు ఎక్కడుందో, దావా అంటే ఏమిటో ఈ మనిషికి తెలియదు. అతను హాజరు కాకపోతే కోర్టు ఏకపక్షంగా డిక్రీ ఇచ్చేది. ఆ డిక్రీ పట్టుకొని షావుకారు వచ్చి పశువుల్ని, పంటను జప్తు చేసుకుపోయేవాడు.

ఇది అప్పు కథే కాదు, వార్త కథ కూడా. కింది నుంచి పైకి నోటీసు వచ్చే దారి ఉంది. పై నుంచి కిందికి 'ఇది అన్యాయం, నేను అంత తీసుకోలేదు' అని చెప్పుకునే దారి లేదు. ఆ ఒంటిదారి మీద పశువులు పోయాయి, పంట పోయింది, చివరికి ఓర్పు పోయింది. తమ్మన్నదొర లాంటివాళ్ల వెనక జనం నిలబడటానికి ఇదీ ఒక కారణం. ఆ పితూరీని అణచడానికి మద్రాసు సైన్యం దిగాల్సి వచ్చింది.

రోడ్డు ఎవరి కోసం వచ్చింది

తర్వాత నలభై ఏళ్లకు గూడెం కొండల్లో ఇంకో దారి వేశారు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు పోయే రోడ్డు అది. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన వాళ్లను బలవంతంగా పనికి తోలాడు. ఇచ్చే కూలి సగం కూడా చేతికి అందేది కాదు. ఆ రోడ్డును మన చేతులే వేశాయి, కానీ అది వేసింది మన అవసరానికి కాదు. అడవి సరుకు దిగడానికి, సర్కారు మనుషులు ఎక్కడానికి వేశారు.

గాం గంతందొర, గాం మల్లుదొర సోదరులు అల్లూరి సీతారామరాజుతో కలవడానికి ఈ రోడ్డు పని కూడా ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. ఎత్తుకుపోయిన ఆయుధాల లెక్క రాసి సంతకం పెట్టి వెళ్లాడని, ముందుగా కబురు పెట్టి మరీ వచ్చేవాడని మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 'మిరపకాయ టపా' అన్న మాట అలా నిలిచింది.

ఆ రోజుల్లో మైదానంలో సర్కారుకు తంతి ఉంది, టపా ఉంది. కొండమీద ఉన్నది కాలినడక కబురు. అయినా సెప్టెంబర్ 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు పితూరీదార్ల మాటులో పడ్డారు. ఏ దారిలో ఎవరొస్తున్నారో కొండకు ముందే తెలిసింది. తంతి లేని చోట ఊళ్ల కబురే పనిచేసింది. 1924 మే నెలలో రాజును చంపాక పితూరీ చల్లారింది. రోడ్డు మాత్రం మిగిలింది. తర్వాత్తర్వాత అదే రోడ్డు మీద బస్సు వచ్చింది, సూది మందు వచ్చింది, బడిపంతులు వచ్చాడు. ఎవరి కోసం వేసినా, తర్వాత మనమూ ఆ దారిని మన పనికి వాడుకున్నాం. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

రేడియో విన్నాం, జవాబు చెప్పలేదు

స్వాతంత్ర్యం తర్వాత వార్తకు గాలి దారి దొరికింది. విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. ట్రాన్సిస్టరు చేతికి వచ్చాక కరెంటు లేని ఊళ్లో కూడా తుపాను హెచ్చరిక, ప్రాంతీయ వార్తలు వినబడ్డాయి. మన పెద్దల్లో చాలామందికి తెలుగు చెవిన పడింది బడిలో కంటే ముందు రేడియోలోనే. మేలు జరిగింది. కానీ రేడియో మాట్లాడుతుంది, మనం వింటాం. మనం మాట్లాడితే అది వినదు.

తర్వాత ఫోను. దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. నగరాలకు సెల్ ఫోను వచ్చిన చాలా ఏళ్ల దాకా మనకు మండల కేంద్రంలోని ఎస్టీడీ బూతే దిక్కు. ఇందులో వింత ఏమీ లేదు. కంపెనీకి టవర్ అంటే పెట్టుబడి. పది ఇళ్లకో గూడెం, గూడేనికీ గూడేనికీ నడుమ ఒక కొండ ఉన్నచోట ఆ పెట్టుబడి తిరిగి రాదు.

దీనికోసమే సార్వత్రిక సేవా నిధి ఏర్పడింది. 2002 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. టెలిఫోన్ కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం ఈ నిధికి కట్టాలి. లాభం రాని చోట ఫోను పెట్టడానికి ఆ డబ్బు వాడాలి. 2023 చట్టం తర్వాత దీని పేరు డిజిటల్ భారత్ నిధి. యువత ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. మన ఊరికి టవర్ వస్తే అది ఎవరి దానమూ కాదు. మనలాంటి ఊళ్ల పేరు చెప్పి వసూలైన డబ్బు అది.

టవర్ ఎక్కిన క్రమం

2014 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం పది రాష్ట్రాల్లోని తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో 2,199 చోట్ల టవర్లకు అనుమతి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అందులో ఉన్నాయి. స్థలాలను గుర్తించింది హోం శాఖ. అంటే మొదటి విడతలో కొలమానం భద్రత. గర్భిణులు ఎంతమంది, బడి ఎంత దూరం అన్నది కాదు. ఇంకో పక్క, టవర్ వస్తే పోలీసుకు సమాచారం పోతుందని మావోయిస్టులు చాలా రాష్ట్రాల్లో టవర్లను తగలబెట్టారు. ఇద్దరి నడుమ నలిగింది డోలీ మోసే మనిషి. 108 వాహనం 2005లో మొదలై రాష్ట్రమంతా పేరు తెచ్చుకున్నా, దాన్ని పిలవడానికి ఫోను కలవాలి కదా.

కొలమానం మారింది ఆ తర్వాతే. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాల్లో సిగ్నల్ లేని 7,287 ఊళ్లకు 4జీ ఇవ్వాలని నిర్ణయించారు. 2022 జులైలో దేశమంతటా మిగిలిన 24,680 ఊళ్లకు 26,316 కోట్ల రూపాయలతో మరో పథకం వచ్చింది. 2023 జూన్‌లో మన రాష్ట్రంలో ఒకేసారి 100 టవర్లు ప్రారంభించారు. వాటిలో ఎక్కువ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. నూరేళ్ల కిందట ఏ పేరు వింటే సర్కారు ఉలిక్కిపడిందో, ఆ పేరున్న జిల్లాకే ఈ టవర్లు వచ్చాయి.

అయినా టవర్ లెక్క వేరు, సిగ్నల్ లెక్క వేరు. టవర్ తరంగాలు చాలావరకు చూపు సాగినంత మేరే బాగా సాగుతాయి. కొండ అడ్డొస్తే ఆగుతాయి. అందుకే మెట్ట మీద దొరికే సిగ్నల్ దాని కిందున్న ఊళ్లో దొరకదు. టవర్‌కు వెనక నుంచి ఫైబరో, మైక్రోవేవో, ఉపగ్రహమో ఏదో ఒక లంకె ఉండాలి. కరెంటు పోతే బ్యాటరీ నిలవాలి. గాలివానకు రెండు రోజులు కరెంటు పోయిన చోట టవర్ ఉండి కూడా లేనట్టే. భారత్‌నెట్ ఫైబర్ పంచాయతీ కార్యాలయం దాకా వస్తుంది. మన పంచాయతీల్లో శివారు గూడేలు ఎన్నో ఉంటాయి, మధ్యలో గెడ్డలుంటాయి. పంచాయతీకి చేరింది అంటే ఊరికి చేరినట్టు కాదు. అర్జీ రాసేటప్పుడు పంచాయతీ పేరుతో ఆపకుండా గూడేల పేర్లు ఒక్కొక్కటీ రాయాలి.

సిగ్నల్ మీద పెట్టిన బియ్యం

2020 మార్చిలో బడులు మూసేశాక పాఠం ఫోనులోకి, టీవీలోకి వెళ్లింది. మన పిల్లలు సిగ్నల్ కోసం మెట్టలు ఎక్కారు. ఒక ఫోను చుట్టూ నలుగురు కూర్చున్నారు. ఫోనే లేని ఇళ్ల పిల్లలు పశువుల వెంట పోయారు. వాళ్లలో కొందరు మళ్లీ బడికి రాలేదు. మేము ఉపాధ్యాయులం కాగితాల మీద పాఠాలు రాసి గూడేలకు నడిచాం. అప్పుడు మళ్లీ బారికి పని మేమే చేశాం.

ఆ రోజులు పోయాయి కానీ ఇంకో పద్ధతి నిలిచిపోయింది. రేషన్ బియ్యానికి వేలిముద్ర కావాలి, వేలిముద్రకు సిగ్నల్ కావాలి. సిగ్నల్ లేని ఊళ్లలో ముసలివాళ్లు కూడా మిషన్ పనిచేసే చోటు దాకా నడిచి వెళ్లి వేలిముద్ర వేసి, బియ్యం కోసం మళ్లీ డిపోకి నడవాల్సి వచ్చింది. పింఛనుకూ అంతే. ఇక్కడ మనకు 1879 గుర్తుకు రావాలి. అప్పుడు చదవలేని కాగితం వల్ల పశువులు పోయాయి. ఇప్పుడు అందని సిగ్నల్ వల్ల తినే బియ్యం ఆగుతోంది. రెండు చోట్లా తీరు ఒక్కటే. దారి ఇంకా రాలేదు, నిబంధన ముందే వచ్చింది.

అందుకే మన డిమాండు రెండు ముక్కలుగా ఉండాలి. ఒకటి, ప్రతి గూడేనికీ సిగ్నల్ కావాలి. రెండు, సిగ్నల్ వచ్చేదాకా కాగితం రిజిస్టరు మీద సంతకానికో వేలిముద్రకో బియ్యం, పింఛను ఇవ్వాలి. రెండోది లేకుండా మొదటిది మాత్రమే అడిగితే, టవర్ వచ్చేలోగా ఆకలి మన వంతు అవుతుంది.

మన మాట పైకి పోవాలి

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని. ఆ మాటను కొందరు పేదలు నిజంగా వాడుకున్నారు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబర్ 15న సంగం రేడియో మొదలైంది. నడిపింది దళిత మహిళలు. చిరుధాన్యాలు, విత్తనాలు, తమ పాటలు తమ యాసలోనే చెప్పుకున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో వచ్చిన సీజీనెట్ స్వర ఇంకో దారి చూపింది. ఇంటర్నెట్ లేని మామూలు ఫోను నుంచి ఒక నంబరుకు కాల్ చేసి, గోండిలోనో హిందీలోనో మన ఊరి సమస్య చెప్పవచ్చు. మిగతావాళ్లు కాల్ చేసి దాన్ని వినవచ్చు. అలా వినిపించిన సమస్యల్లో చేతిపంపులు, కూలి బకాయిల లాంటివి కొన్ని పరిష్కారమయ్యాయి కూడా. చదువు రాకపోవడం అక్కడ అడ్డు కాలేదు.

మన లిపులు కూడా ఫోనులోకి ఎక్కే దారి పడింది. సవరల సోరంగ్ సోంపెంగ్ 2012లో, మసరం గోండి 2017లో, ఆదిలాబాద్ గుంజాల గోండి 2018లో యూనికోడ్‌లో చేరాయి. లిపి లేని భాషలకు గొంతు చాలు. వాట్సాప్‌లో కువిలో మాట్లాడి పంపే అవ్వకు అక్షరాలతో పనిలేదు. బారికి కాలంలో ఉన్న ఆ రెండు గుణాలు, మన భాష, జవాబు చెప్పుకునే వీలు, ఇలా మళ్లీ చేతికి వస్తున్నాయి.

కాబట్టి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, తోటి ఉపాధ్యాయులకూ కొన్ని పనులు చెప్పుకుందాం. ఏ గూడెంలో ఏ కంపెనీ సిగ్నల్ వస్తుందో, ఏ మెట్ట ఎక్కితే వస్తుందో మన పిల్లలతోనే పటం గీయించవచ్చు. అది సాంఘికశాస్త్రం పాఠం అవుతుంది, అర్జీకి ఆధారమూ అవుతుంది. 1996 పీసా చట్టం మనకు గ్రామసభ ఇచ్చింది. టవర్ స్థలం, సిగ్నల్ లేని డిపో, పనిచేయని బ్యాటరీ, ఇవన్నీ అక్కడ తీర్మానంగా రాయించాలి. తీర్మానం నకలు ఊళ్లో ఉంచుకోవాలి. టవర్ వచ్చిన ఊళ్లో చదువుకున్నవాళ్లు వారానికి ఒక పూట కూర్చుని వచ్చిన కొత్త ఉత్తర్వును మన భాషలో చెప్పాలి. ఊరి మాటను తెలుగులో రాసి అధికారికి పంపాలి. ఓటీపీ అడిగే దొంగ ఫోన్ల గురించి కూడా అక్కడే చెప్పాలి. కొత్త దారిలో మొదట వచ్చేది ఎప్పుడూ షావుకారే.

కాగితం, రోడ్డు, తంతి, టవర్, ఇవేవీ మన కోసం పుట్టలేదు. కానీ రోడ్డు మీద మన పిల్లలు బడికి వెళ్లారు, కాగితం మీద మనం హక్కుల పట్టాలు రాయించుకున్నాం. టవర్‌ను కూడా అలా మన పనికి తిప్పుకోవాలి. ఈ తరం ఆ పని చేస్తే, మన్యం చరిత్రలో తర్వాతి పేజీని మన పిల్లలు తమ భాషలో తామే రాసి పంపుతారు.