దగ్గుమందు సీసా చరిత్ర: క్షయ నిర్ధారణలో ఆలస్యం ఎవరిది?

'వాళ్ళకి అవగాహన లేదు.' వాడల్లో జబ్బుల గురించి ఏ ఆఫీసరు మాట్లాడినా ముందు వచ్చే మాట ఇదే. క్షయ విషయంలో ఈ మాటకి అరవై ఏళ్ళ కిందటే జవాబొచ్చింది. చదివినవాళ్ళు తక్కువ, చదివి మరచినవాళ్ళు ఎక్కువ.

1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం మొదలైంది. ఆ కాలపు వైద్యమంటే నెలల తరబడి మంచం మీద విశ్రాంతి. ఏ పూట కూలి ఆ పూట తినేవాడికి అది అందేది కాదు. 1955-58 మధ్య జరిగిన జాతీయ సర్వే క్షయ పట్నం జబ్బు కాదని, పల్లెల్లోనూ దాదాపు అంతే ఉందని తేల్చింది. 1959లో మద్రాసు పరిశోధకులు మరో సంగతి రుజువు చేశారు. ఇరుకు ఇంట్లో, చాలీచాలని తిండితో ఉన్న రోగికి కూడా మందులు సరిగా అందితే శానిటోరియంలో ఉన్నవాడితో సమానంగా నయమవుతుంది. పేదరికం సాకు అక్కడితో పోయింది. మిగిలింది అజ్ఞానం సాకు.

దాన్నీ తుమకూరు జిల్లా తీసేసింది. మన అనంతపురానికి ఆనుకుని ఉన్న ఆ జిల్లా పల్లెల్లో బెంగుళూరు జాతీయ క్షయ సంస్థ తరఫున దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ క్షయ రోగుల్ని వెతికి మాట్లాడారు. 1963లో ఫలితాలు అచ్చయ్యాయి. నూటికి తొంభై మందికి పైగా తమ లక్షణాలు తమకి తెలుసు. సగానికి పైగా అప్పటికే ఆస్పత్రి గడప తొక్కారు. అక్కడ వాళ్ళకి సాధారణంగా దక్కింది దగ్గుమందు! గళ్ళ పరీక్ష చెయ్యకుండానే ఇంటికి పంపారు. అంటే రోగి వచ్చాడు, ఆస్పత్రే రోగిని చూడలేదు.

1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం మామూలు ఆస్పత్రుల్లోనే జబ్బు పట్టుకోవాలంది. ఆలోచన మంచిదే. కానీ చీటీ రాసే చెయ్యి మారలేదు. ఛాతీకి స్టెతస్కోపు ఆనించకుండా, దూరంగా నిలబెట్టి పంపెయ్యడం మన వాడల్లో ఎవర్నడిగినా చెప్తారు. అంటరానితనం ఆస్పత్రిలో తీసుకునే రూపాల్లో ఇదొకటి.

పరీక్షలోనూ కూలివాడి లెక్క లేదు. గళ్ళ నమూనాలు మొదట మూడు అడిగేవారు, 2009 నుంచి రెండు. ఒకటి వెళ్ళిన రోజు, ఇంకోటి మర్నాడు పొద్దున. రెండు రోజుల కూలి పోయినట్టే. పైగా ఒక మిల్లీలీటరు గళ్ళలో కనీసం 5 వేల నుంచి 10 వేల క్రిములుంటే తప్ప సూక్ష్మదర్శినిలో కనపడవు. 'ఏం లేదు పో' అన్నంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జన్యు పరీక్ష యంత్రం ఇంకా తక్కువ క్రిముల్ని పట్టుకుంటుంది. అయితే ఆ యంత్రం దాకా గళ్ళ చేరాలంటే ముందు డాక్టరు రాయాలి కదా.

మన దేశపు అధ్యయనాల్ని కలిపి చూసిన సమీక్ష ఒకటి 2014లో వచ్చింది. రోగి మొదటి వైద్యుణ్ణి చేరడానికి సుమారు 18 రోజులు. చేరాక జబ్బు పేరు తేలడానికి 31 రోజులు. ఆలస్యంలో పెద్ద వాటా ఎవరిదో వేరే చెప్పాలా? ఈ లోపల ఆర్‌ఎంపీ సూదులకీ సెలైన్లకీ అప్పులు పుడతాయి, ఇంట్లో పిల్లలకి జబ్బు అంటుకుంటుంది.

2019-21 జాతీయ సర్వేలో లక్షణాలున్నవాళ్ళలో 64 శాతం వైద్యానికే వెళ్ళలేదని తేలింది. ఎందుకంటే, ఎక్కువమంది లక్షణాల్ని 'పట్టించుకోలేదు' అని నివేదిక రాసింది. అంకెల్ని కాదనక్కర్లేదు. కానీ ఆ ఒక్క మాట వెనక పోయిన కూలి ఉంది, పోయిన సారి చేతిలో పెట్టిన దగ్గుమందు సీసా ఉంది. వాటిని రాయకపోతే నేరం మళ్ళీ రోగి మీదికే తిరుగుతుంది.

కాబట్టి కార్యకర్తలూ విద్యార్థులూ వాడల్లోకి వెళ్ళినప్పుడు 'నీకు టీబీ గురించి తెలుసా' అని మొదలుపెట్టొద్దు. మొదట ఏ ఆస్పత్రికి పోయావు, ఏ తారీఖున, ఏమిచ్చి పంపారు, ఆ రోజు కూలి ఎంత పోయింది అని అడిగి రాసుకోండి. అవగాహన ఎవరికి కావాలో ఆ కాగితాలే చెప్తాయి.