చక్కెర కంపెనీ లెక్కల్లో మన తాతలు

పోయిన భాగం మద్రాసు రేవు దగ్గర ఆపాను. ఆ ఓడలు ఎక్కడ తేలాయో ఇప్పుడు చెప్తాను.

వెంగళరావు నగర్‌లో మా గది కింద టీ కొట్టాయన రోజూ అడిగేది ఒకటే: "చక్కెర ఎక్కువెయ్యనా?" ఫిజీ గురించి చదువుతున్న రోజుల్లో ఆ మాట గొంతులో అడ్డం పడేది.

1855లో సిడ్నీలో కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ పుట్టింది. 1882లో ఫిజీలోని నౌసోరిలో మిల్లు తెరిచింది. ఆ దీవుల చెరుకు తోటలకు 1879 నుంచి 1916 దాకా మన దేశం నుంచి 60 వేల మందికి పైగా వెళ్ళారు, అయిదేళ్ళ గిర్మిట్ మీద. గిర్మిట్ అంటే అగ్రిమెంటే, కూలీల నోట్లో నలిగి అలా అయింది. 1903 నుంచి మద్రాసు ఓడలూ మొదలయ్యాయి. వాటిలో వెళ్ళిన సుమారు 15 వేల మందిలో విశాఖ, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళున్నారు.

మనిషికొక పాసు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, ఊరు, తాలూకా, జిల్లా. భూమి ఉన్నవాడి పేరు కరణం లెక్కల్లో ఉంటుంది. సెంటు భూమి లేని మనవాళ్ళలో చాలామందికి తండ్రి పేరుతో సహా రాసిపెట్టిన కాగితం ఇదొక్కటే. మనిషిని పోల్చి పట్టుకోవడానికి రాసిన కాగితం ఇవాళ మనకి వంశవృక్షం అయింది!

కులం గడి నింపి మరీ పంపితే, అక్కడ దిగాక మాలా మాదిగా కాపూ అందరూ 'మద్రాసీ'లే. ఉత్తరాది కూలీల నోట అదీ వెక్కిరింతే.

కంపెనీ కాగితాలు కాన్‌బెర్రాలో, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాసులు సువాలో ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. పాసులో పేరున్న మనిషి కంపెనీకి ఖర్చు పద్దు. కొలిచి ఇచ్చిన పని పూర్తి చేస్తేనే మగవాడికి రోజుకి షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. పని మిగిలితే కూలి కోత.

1920లో గిర్మిట్ పోయింది. కంపెనీ తోటల్ని పదేసి ఎకరాల ముక్కలు చేసి ఆ కూలీలకే కౌలుకిచ్చింది. చెరుకు వాళ్ళది, మిల్లు కంపెనీది. లాభమెంతో, నష్టమెంతో కంపెనీ చెప్పిందే లెక్క. (మన కౌలు రైతులకి ఇది కొత్తగా చెప్పాలా?) 1969లో బ్రిటిష్ జడ్జి లార్డ్ డెన్నింగ్ ముందు రైతుల తరఫువాళ్ళు ఆ లెక్కల మీదే తగువుకి దిగారు. 1970 తీర్పులో రాబడిలో 65 శాతం రైతులకి, 35 మిల్లుకి. ఇలాగైతే మాకు గిట్టదంది కంపెనీ. 1973లో మిల్లులు ఫిజీ ప్రభుత్వానికి అమ్మేసి వెళ్ళిపోయింది. అన్నేళ్ళు గిట్టిన వ్యాపారం ఆ ఒక్క తీర్పుకే గిట్టకుండా పోయింది!

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ ఇళ్ళలో ముసలివాళ్ళని అడగండి. ఓడెక్కి తిరిగి రాని తాతో అవ్వో ఉన్నారేమో. పేరు, తండ్రి పేరు, ఊరు దొరికితే చాలు, నాకు రాయండి. సువా పాసుల్లో వెతుకుదాం.