పొగగొట్టం లేని పొగ: గంజాం సీమలో చుట్ట, పికా, అడ్డపొగ

పొగాకు చరిత్ర రాసేవారికి ఐరోపాలో పొగగొట్టం గొప్ప ఆధారం. ఇంగ్లండులోను, హాలండులోను 17వ శతాబ్దం నుంచి తెల్లమట్టి గొట్టాలు లెక్కలేనన్ని తయారయ్యాయి; విరిగాయి; మట్టిలో కలిశాయి. గిన్నె ఆకారాన్ని బట్టి, కాడలోని రంధ్రం వెడల్పును బట్టి, తవ్వకంలో బయటపడిన పొర ఏ కాలానిదో పురాతత్త్వవేత్తలు అంచనా కడతారు. కాలం గడిచేకొద్దీ రంధ్రం సన్నబడుతూ వచ్చిందని 1954లో అమెరికాలో హారింగ్టన్ చూపిన తరువాత ఇది ఒక పద్ధతిగా స్థిరపడింది. తరువాతి కాలపు గొట్టాలకు సేకర్తలు ఉన్నారు. టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతపు మీర్‌షామ్ రాతితో చెక్కినవి, ఫ్రాన్సులోని సాన్ క్లోద్ పట్టణంలో బ్రయర్ వేరుముడితో చేసినవి నేటికీ చేతులు మారుతున్నాయి. తెల్లని మీర్‌షామ్ గొట్టం వాడేకొద్దీ తేనెరంగుకు తిరుగుతుంది. ఆ రంగును చూసి ఆనందించడం కూడా సేకర్తల అభిరుచిలో భాగమే.

గంజాం సీమ పొగాకు చరిత్రకు ఈ వెసులుబాటు లేదు. హుక్కా సంపన్నుల ఇళ్ళలోను, మట్టి చిలుము గంజాయి తాగేవారి చేతిలోను ఉన్నమాట నిజమే. కాని రైతుకూలీ, పల్లెకారు, నేతగాడు, వారి ఇళ్ళలోని ఆడవారు తాగినది చుట్ట. అందులో ఆకే గొట్టం, ఆకే సరుకు. చేతితో చేసినదే అయినా అది మిగలదు. కాలి బూడిద అవుతుంది. వస్తువు మిగలని అలవాటుకు చరిత్ర ఎలా రాయాలి అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. అటువంటి చరిత్ర రెండు చోట్ల దొరుకుతుందని నా అభిప్రాయం: ఒకటి జనం మాటల్లో, రెండోది తాగినవారి దేహంలో.

ముందుగా ప్రాంతం సంగతి. నేటి పటంలో గంజాం ఒడిశాలోని ఒక జిల్లా. మద్రాసు రాజధాని కాలంలో అదే పేరు గల జిల్లాలో బరంపురం, ఛత్రపురం, ఆస్కా, ఘుముసరంతో పాటు ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం కూడా ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఉత్తర భాగం అటు పోయింది. దక్షిణ భాగం విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళం జిల్లాగా విడివడింది. కనుక చుట్ట చరిత్రను వెదికేటప్పుడు బరంపురాన్ని, శ్రీకాకుళాన్ని వేరువేరు దేశాలుగా చూడరాదు. సరిహద్దు గీత పడేనాటికే ఈ అలవాటు గీతకు రెండు వైపులా వేళ్ళూనింది.

ఇక మాటలు. పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ద్వారా మన తీరాలకు చేరింది. 17వ శతాబ్దారంభంలో అసద్ బేగ్ బిజాపూరు నుంచి అక్బరు కొలువుకు పొగాకు తీసుకుపోయిన వృత్తాంతం చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. ఉత్తరాదిలో విదేశీ పేరే కొద్ది మార్పుతో ‘తంబాకు’గా నిలిచింది. తెలుగువారు ఆ పేరును అరువు తెచ్చుకోక ‘పొగ ఆకు’ అన్నారు. ఒడియాలో ‘తమాఖు’ అనే మాటతో పాటు ‘ధూఁఆపత్ర’ కూడా ఉంది. దాని అర్థమూ పొగ ఆకే. తమిళంలో ‘పుగైయిలై’, కన్నడంలో ‘హొగెసొప్పు’ కూడా ఇదే పోలిక. కొత్త వస్తువును చూసి, అది చేసే పనిని బట్టి పేరు పెట్టుకున్న జనం వీరు. బరంపురం బజారులో రెండు భాషలూ మాట్లాడే మనిషికి ఒక పేరును రెండో భాషలోకి మార్చుకోవడం కష్టమైన పని కాదు.

‘చుట్ట’ అంటే చుట్టినది. ఇంగ్లీషువారి ‘చెరూట్’ తమిళపు ‘శురుట్టు’ నుంచి వెళ్ళినదని హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చెబుతుంది. దాని అర్థమూ చుట్టినదనే. 1669 తరువాత బంగాళాఖాతపు తీరాలు తిరిగిన ఇంగ్లీషు వర్తకుడు థామస్ బౌరీ ఒక విలువైన సాక్ష్యం వదిలి వెళ్ళాడు. జెంటూలలోను, మలబారులలోను పేదవారు ఆకును చుట్టి, ఒక కొన అంటించి, రెండో కొన పెదవుల మధ్య పట్టుకుని, కాలేంతవరకు పీలుస్తారని అతని వర్ణన. జెంటూలంటే నాటి ఐరోపావారి పరిభాషలో తెలుగువారు. గొట్టానికి అలవాటు పడిన ఆ వర్తకుడికి ఇది హీనమైన పద్ధతిగా తోచింది. అయినా బహుశా ఇదే మొదటి పద్ధతి అయి ఉంటుందని కూడా అతడు ఊహించాడు. అతని గ్రంథాన్ని హక్లూయిట్ సొసైటీ 1905లో అచ్చువేసింది.

చుట్ట చుట్టడం చూడడానికి సులువు, చేతికి రావడానికి అభ్యాసం కావాలి. ఎండిన ఆకు పెళుసు. నీళ్ళు చిలకరించి మెత్తబరచాలి. నడిమి ఈనె తీసివేయాలి. ముక్కాకును లోపల సర్ది, చిరుగులేని ఆకును పైన చుట్టాలి. బిగువు ఎక్కువైతే పొగ రాదు. తక్కువైతే నిప్పు గబగబా పరుగెత్తి నోరు కాలుతుంది. గోదావరి లంకల్లో పండిన ‘లంక పొగాకు’ చుట్టలకు ప్రసిద్ధి. ఆ ఆకు సముద్రం దాటి బర్మాకు పోయి అక్కడి చెరూట్లలోనూ చేరింది. గోపాలపురం రేవులో ఓడ ఎక్కి రంగూన్‌లో కూలికి వెళ్ళిన గంజాం జనానికి అక్కడ కనిపించినది పూర్తిగా పరాయి పొగ కాదు.

నిప్పు సంగతి సామెత చెబుతుంది. ఒకడు ఇల్లు కాలి ఏడుస్తుంటే ఇంకొకడు వచ్చి చుట్టకు నిప్పు అడిగాడని మన సామెత. పరుల కష్టం పట్టనివాడిని గురించిన మాట ఇది. అయితే అగ్గిపెట్టె ఇంటింటికీ చేరని కాలంలో నిప్పు అడిగి తెచ్చుకునేదని, ఆ అడగడం ఎవరికీ వింత కాదని కూడా ఇందులో దాగి ఉంది. సాహిత్యంలో చుట్ట అనగానే గిరీశం గుర్తుకు వస్తాడు. 1897లో అచ్చై, 1909లో పెరిగి మారిన ‘కన్యాశుల్కం’లో అతడు వెంకటేశానికి ఇంగ్లీషు చదువు పేరిట నేర్పినది చుట్ట కాల్చడమే. కాని గిరీశం చుట్ట మగవాడి డాబు. పొలంలో, ఇసుకతిన్నె మీద, వంటింటి వెనుక ఆడవారు తాగిన చుట్టకు అంత పేరు రాలేదు.

కొండల వైపు పోతే చుట్టకు జతగాడు కనిపిస్తాడు. పొగాకును సాల వృక్షపు ఆకులో చుట్టి తాగేదానిని ఒడియాలో ‘పికా’ అంటారు. తెలుగులో ‘పీక’ అంటే కాల్చగా మిగిలిన తుంట. ఒకచోట మొత్తం వస్తువు, మరొకచోట దాని చివరి ముక్క! ధ్వని సామ్యం చూసి ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని తేల్చడం శాస్త్రం కాదు. కాని ఇటువంటి మాటలను ఊరి పేరుతో, చెప్పినవారి వయసుతో, వృత్తితో సహా రాసిపెట్టడం శాస్త్రానికి మొదటి మెట్టు. ఈ పనికి మనకు ఆదర్శం గిడుగు వేంకట రామమూర్తిగారు. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవరల నోటి మాటలను ఏళ్ళ తరబడి సేకరించి, 1931లో సవరభాషా బోధినిని, 1938లో నిఘంటువును ఇంగ్లీషులో వెలువరించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. గీతకు ఆవల ఉండిపోయిన తెలుగుల మాటలను రాసిపెట్టే పని మాత్రం ఆగరానిది.

ఇప్పుడు దేహం సంగతి. ఈ తీరపు పొగలో ప్రత్యేకమైనది అడ్డపొగ. చుట్ట అంటించి, నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి తాగే పద్ధతి ఇది. నిప్పు నాలుకకు, అంగిలికి మధ్య ఉంటుంది. గాలి బయటి కొన నుంచి లోపలికి వస్తుంది. పెదవులు చుట్టను తడుపుతూ ఉంటాయి కనుక అది నెమ్మదిగా కాలుతుంది. ఒక్క చుట్ట పావుగంట దాటి నిలవగలదు. ఇది ఎక్కువగా స్త్రీల అలవాటు. సముద్రపు గాలికి నిప్పు ఆరదని, పనిలో రెండు చేతులకూ తీరిక ఉంటుందని, బూడిద బట్టల మీద, బిడ్డ మీద పడదని, పెద్దల ఎదుట నిప్పు కనబడదని కారణాలు చెబుతారు. కరిబియన్ దీవుల్లో, పనామాలో, ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో, ఫిలిప్పీన్స్‌లో కూడా ఈ అలవాటు ఉంది. కాబట్టి ఇది ఒక కులపు వెర్రి అనో, ఒక ప్రాంతపు మొరటుతనమనో తీసిపారేయరాదు.

చుట్ట ఆడవారికి విశ్రాంతి కూడా. నాట్లకు, కోతలకు, చేపల గంపకు మధ్య తమదని చెప్పుకోదగిన కాసేపు అది. ఆ సుఖాన్ని ఒప్పుకోకపోతే ఈ చరిత్ర అర్థం కాదు. దానికి కట్టిన మూల్యాన్ని దాచినా అర్థం కాదు. నోట్లో గాలి 120 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కవచ్చని కొలతలు చెబుతున్నాయి. ప్రపంచంలో ఇతరచోట్ల గట్టి అంగిలికి పుట్టకురుపు రావడం అరుదు. విశాఖపట్నం వైద్యులకు మాత్రం అది తరచుగా కనిపించింది. 1950లలో అక్కడి వైద్యులే దీనికి అడ్డపొగతో సంబంధం చూపారు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వెలువడిన అధ్యయనం 10,169 మంది గ్రామస్థుల నోళ్ళను పరిశీలించింది. వారిలో సుమారు 44 శాతం మంది అడ్డపొగ తాగేవారు. అంగిలి తెల్లబడడం, ఎర్రని చుక్కలు, పుండ్లు: అచ్చులో ఎక్కడా పేరు లేని ఆడవారి చరిత్ర ఇలా వైద్యుల పట్టికలకు ఎక్కింది.

ఈ కథ అక్కడితో ఆగలేదు. 1977లో టాటా మౌలిక పరిశోధన సంస్థ పరిశోధకులు శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేలమందికి పైగా పొగాకు వాడేవారిని కలిసి, మానమని ఓపికగా నచ్చచెప్పే పని మొదలుపెట్టారు. అయిదేళ్ళ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. చెప్పి చూస్తే జనం మానతారని, మానితే నోటిలోని మచ్చలు తగ్గుతాయని తేలింది. పల్లెటూరి ముసలమ్మకు చెప్పినా వినదు అన్న మాటకు ఇది తగిన సమాధానం.

నేడు చుట్ట వెనుకబడింది. బీడీ, సిగరెట్టు వచ్చాయి. అంతకుమించి పొగలేని పొగాకు వచ్చింది. 2016-17 జాతీయ సర్వేలో ఒడిశా వయోజనుల్లో పొగ తాగేవారు 7 శాతమే కాగా, నమిలే, పళ్ళకు రుద్దే పొగాకు వాడేవారు సుమారు 43 శాతం. బెల్లం కలిసిన గుడాఖు ఇందులో ఒకటి. నిప్పు పోయింది గాని, ఆకు పోలేదు.

మన విద్యార్థులు చేయగలిగిన పని ఒకటి ఉంది. బరంపురంలో, గోపాలపురం తీరంలో, ఇచ్ఛాపురం చుట్టుపట్ల చుట్ట తాగిన తరం ఇంకా మాట్లాడగలిగి ఉండగానే వారి దగ్గర కూర్చోవాలి. ఈనె తీయడానికి ఏమనేవారు? పొట్టి చుట్టకు, లావు చుట్టకు పేర్లేమిటి? నిప్పు ఎవరి ఇంటి నుంచి తెచ్చేవారు? అడ్డపొగ ఎవరి దగ్గర నేర్చారు? ఏ మాట తెలుగులో వస్తుంది, ఏది ఒడియాలో వస్తుంది? ఈ ప్రశ్నలతో పాటు, ఇంట్లో ఎవరికి అంగిలి జబ్బు చేసింది, వైద్యానికి ఎక్కడికి తీసుకుపోయారు అన్నదీ అడగాలి. పేరు చెప్పడం ఇష్టంలేనివారి పేరు రాయనక్కరలేదు. గొట్టాలు సేకరించేవారికి అలమర చాలు. మన సేకరణకు ఒక నోటు పుస్తకం, వినే ఓపిక కావాలి. ఆ తరం వెళ్ళిపోతే ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల వస్తువు ఏ ప్రదర్శనశాలలోనూ దొరకదు.