గేటు ముందు రావిచెట్టు

కారు కొన్నాం, గేటు ముందు సిమెంటు గచ్చు వేయించాలి. అడ్డంగా రావిచెట్టు ఉంది. మన స్థలంలోదే కదా, కొట్టించేయవచ్చా?

గుత్తికీ పత్తికొండకూ మధ్య ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషుల కోసం, పశువుల కోసం దారుల వెంట చెట్లు నాటించిన సంగతి క్రీ.పూ. మూడో శతాబ్దంలోనే ఆయన వాటిలో చెక్కించాడు. ఆనాడది రాజధర్మం. మన కాలానికి చట్టమైంది.

1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. కనుక ఇక్కడి తెలుగువాళ్ల పెరటి చెట్లకు కూడా కర్ణాటక 1976లో చేసిన వృక్ష సంరక్షణ చట్టమే వర్తిస్తుంది. కొబ్బరి, సరుగుడు, నీలగిరి వంటి వాటికి మినహాయింపు ఉంది. మిగతా చెట్లను, సొంత స్థలంలోవైనా సరే, పట్టణాల్లో వృక్షాధికారి అనుమతి లేనిదే కొట్టరాదు. చెట్టు ఎండిపోయినా, ప్రాణానికో ఆస్తికో ప్రమాదమైనా అనుమతి అడగవచ్చు. కొట్టినచోట మళ్లీ నాటే బాధ్యత కూడా మనదే.

ఇంకొక మాట గమనించండి. ఈ చట్టం దృష్టిలో మాను నరకడమే కాదు, చెట్టును ఏ విధంగా దెబ్బతీసినా కొట్టినట్టే. నేనది ఆలస్యంగా తెలుసుకున్నాను. మా ఇంటి గచ్చు కోసం వేళ్లు నరికించి, మొదలు దాకా సిమెంటు పోయించాను. రెండేళ్లలో చెట్టు నిలువునా ఎండింది. బడి పిల్లలు ఆగే నీడ పోయింది.

కాబట్టి ముందు చెట్టు చూసుకుని, తర్వాత గేటు ఎక్కడో నిర్ణయించండి. మొదలు చుట్టూ మట్టి వదలండి. వేళ్లున్నచోట గచ్చుకు బదులు నాపరాళ్లు సందులిచ్చి పరిపించండి. గేటును నాలుగడుగులు జరపవచ్చు, చెట్టును జరపలేం.