విటమిన్ మాత్ర – బాల జిమ్నాస్టులు: బాధ్యతపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

బాల్యంలోనే శిక్షణ మొదలయ్యే జిమ్నాస్టిక్స్‌లో మందులు, పోషకాల మాత్రలు సాధారణంగా క్రీడాకారిణి స్వయంగా ఎంచుకొనేవి కావు. శిక్షకుడో, వైద్యుడో, తల్లిదండ్రులో చేతికిచ్చేవి. 2000వ సంవత్సరంలో బెర్లిన్, సిడ్నీ నగరాల్లో వెలువడిన రెండు తీర్పులను ఆధారం చేసుకొని, ఆ మాత్రకు బాధ్యులెవరన్న ప్రశ్నకు క్రీడావ్యవస్థ ఇచ్చిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జిమ్నాస్టిక్స్, విటమిన్లు, సప్లిమెంట్లు, డోపింగ్, బాల్యం, బాధ్యత

1. ఉపోద్ఘాతం

'విటమిన్' అన్న పదానికి మూలరూపాన్ని 1912లో కాసిమిర్ ఫంక్ ప్రతిపాదించారు. బెరిబెరి, స్కర్వీ, రికెట్స్ వంటి వ్యాధులు ఏయే పోషకాల లోపం వల్ల కలుగుతాయో తరువాతి దశాబ్దాల్లో తేటతెల్లమైంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940వ దశకంలో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణను సాధించిన పరిశోధనకు నాయకత్వం వహించారు. ఇటువంటి విజయాల వల్ల విటమిన్ అన్న మాటకు ప్రజల్లో అపారమైన విశ్వసనీయత ఏర్పడింది. లోటును పూరించేదే తప్ప హాని చేసేది కాదన్న భావం స్థిరపడింది. క్రీడారంగంలో ఈ విశ్వాసం మేలుకూ, మోసానికీ కూడా ఉపకరించింది.

2. ఎదిగే వయసు – పోషణ

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో నాదియా కొమనేచి పరిపూర్ణమైన 10 పాయింట్లు సాధించేనాటికి ఆమె వయసు 14 సంవత్సరాలు. ఆ కాలంలో మహిళల జిమ్నాస్టిక్స్‌లో బాలికల ప్రాబల్యం పెరిగింది. అంతర్జాతీయ సమాఖ్య సీనియర్ పోటీల కనీస వయసును 1981లో 15కు, 1997లో 16కు పెంచింది. అయినా శిక్షణ సాగేది ఎముకలు బలపడవలసిన, శరీరం ఎదగవలసిన సంవత్సరాల్లోనే. ఆ వయసులో ఇనుము, కాల్షియం, డి-విటమిన్ అవసరం ఎక్కువ. బరువు తగ్గాలన్న ఒత్తిడి మాత్రం ఆహారాన్నే కుదిస్తుంది.

అమెరికా జిమ్నాస్ట్ క్రిస్టీ హెన్రిక్ తీవ్రమైన ఆహార రుగ్మత కారణంగా 1994లో 22వ ఏట మరణించడం ఈ సమస్యను బహిర్గతం చేసింది. తగినంత తినకపోవడం, ఋతుక్రమం దెబ్బతినడం, ఎముకలు పెళుసుబారడం పరస్పరం ముడిపడి ఉన్నాయన్న అవగాహన 1990వ దశకంలో బలపడింది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం దీనిని మరింత విస్తృతంగా, క్రీడల్లో శక్తిలోప లక్షణ సముదాయంగా నిర్వచించింది. విటమిన్ మాత్ర శక్తినివ్వదు. ఆహారం నుండి లభించిన శక్తిని శరీరం వినియోగించుకోవడానికి తోడ్పడుతుంది. కనుక కడుపునిండా తినని బాలికకు మాత్ర ఇవ్వడం మూలకారణాన్ని కప్పిపుచ్చడమే అవుతుంది.

3. బెర్లిన్ తీర్పు

విటమిన్ అన్న పేరును మోసానికి వాడుకున్న అతి పెద్ద ఉదాహరణ తూర్పు జర్మనీలో కనిపిస్తుంది. అక్కడ 1974లో రూపొందిన '14.25' అనే రాజ్యప్రణాళిక అంశం కింద డోపింగ్ ప్రభుత్వ కార్యక్రమంగా సాగింది. యేనాఫార్మ్ సంస్థ తయారుచేసిన ఓరల్ టూరినబోల్ అనే అనబాలిక్ స్టెరాయిడ్‌ను విటమిన్లన్న పేరుతో మైనర్ బాలికలకు సైతం ఇచ్చారు. బాధితుల్లో ఈతగత్తెల ఉదంతాలు ఎక్కువగా వెలుగులోకి వచ్చాయి. పసివయసులోనే పిల్లలను ఎంపిక చేసి, ప్రత్యేక క్రీడాపాఠశాలల్లో పెంచే పద్ధతి ఈతకూ జిమ్నాస్టిక్స్‌కూ ఉమ్మడిదే. క్రీడాధికారి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌నూ, వైద్యుడు మాన్‌ఫ్రెడ్ హోప్నర్‌నూ 2000 జూలైలో బెర్లిన్ న్యాయస్థానం దోషులుగా నిర్ధారించింది. శారీరక హానికి సహకరించినందుకు వారికి వరుసగా 22, 18 నెలల శిక్షలు విధించి, అమలును నిలిపివేసింది. శిక్ష స్వల్పమే కావచ్చు. కానీ మాత్ర మింగిన బాలికను బాధితురాలిగా, ఇచ్చిన పెద్దలను నేరస్థులుగా ఆ తీర్పు గుర్తించింది.

4. సిడ్నీ తీర్పు

రెండు నెలల తరువాత సిడ్నీ ఒలింపిక్స్‌లో రొమేనియాకు చెందిన 16 ఏళ్ల అండ్రెయా రదుకాన్ వ్యక్తిగత ఆల్‌రౌండ్ స్వర్ణం గెలిచింది. జలుబుకు జట్టు వైద్యుడిచ్చిన న్యూరోఫెన్ మాత్రలోని సూడోఎఫిడ్రిన్ ఆమె నమూనాలో బయటపడింది. పతకం వెనక్కి తీసుకున్నారు. సెప్టెంబర్ 28న క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆమె అప్పీలును తిరస్కరించింది. మందు వల్ల ఆమెకు ప్రయోజనం చేకూరిందని ఎవరూ నిరూపించలేదు. శరీరంలో నిషిద్ధ పదార్థం ఉంటే చాలు, ఉద్దేశంతో నిమిత్తం లేదన్న కఠిన బాధ్యతా సూత్రం అమలైంది. వైద్యుణ్ణి కూడా తరువాతి రెండు ఒలింపిక్స్‌కు దూరం పెట్టారు. ఇక 2004లో ఆ పదార్థమే నిషిద్ధ జాబితా నుండి తొలగింది. 2010లో నిర్ణీత పరిమితితో తిరిగి చేరింది.

ఈ సూత్రానికి సమర్థన లేకపోలేదు. 'మాకు తెలియకుండా ఇచ్చారు' అన్న వాదనతో పతకం నిలిచిపోతే, తూర్పు జర్మనీ వంటి పథకానికి అదే రక్షణ కవచమవుతుంది. చిక్కు ఫలితం రద్దు కావడంలో కంటే, అపరాధం భారమంతా బాలిక పేరుతోనే చరిత్రలో నిలవడంలో ఉంది.

5. సప్లిమెంట్లు – సంస్కరణలు

సప్లిమెంట్ల మార్కెట్ ఈ చిక్కును ఇంటిదాకా తెచ్చింది. 2000–2001లో కొలోన్ పరిశోధకులు 13 దేశాల నుండి సేకరించిన 634 సప్లిమెంట్లను పరీక్షించగా 94 ఉత్పత్తుల్లో, అంటే 14.8 శాతంలో, లేబుల్‌పై పేర్కొనని స్టెరాయిడ్ సంబంధ పదార్థాలు బయటపడ్డాయి. తల్లిదండ్రులు సదుద్దేశంతో కొన్న డబ్బా సైతం నిరపాయమని చెప్పలేని స్థితి ఏర్పడింది.

2015 ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి, మైనర్ పట్టుబడినప్పుడు ఆమె సహాయక సిబ్బందిపై విచారణను తప్పనిసరి చేసింది. 2021 నియమావళి 16 ఏళ్లలోపు వారిని 'రక్షిత వ్యక్తులు'గా పరిగణించి శిక్షలో వెసులుబాటు కల్పించింది. 16, 17 ఏళ్లవారికి ఈ రక్షణ దక్కాలంటే వారు నమోదిత పరీక్షా జాబితాలో ఉండరాదు. అంతర్జాతీయ పోటీల్లో సీనియర్లతో తలపడి ఉండరాదు.

6. ముగింపు

బెర్లిన్ తీర్పు మాత్ర ఇచ్చిన చేతిని చూసింది. సిడ్నీ తీర్పు అది చేరిన దేహాన్ని చూసింది. తరువాతి సంస్కరణలు ఈ రెండు దృష్టులనూ కలిపే ప్రయత్నం చేశాయి. అయితే సీనియర్ జిమ్నాస్టిక్స్ ద్వారం తెరుచుకొనేదీ, సంపూర్ణ రక్షణ ముగిసేదీ దాదాపు ఒకే వయసులో. రదుకాన్ ఉదంతం నేటి నియమాల కింద పునరావృతమైతే, ఆ వయసులో ఒలింపిక్స్‌లో పోటీపడిన బాలిక రక్షిత వ్యక్తి కాజాలదు. అందువల్ల బాల జిమ్నాస్టుల పోషణను అధ్యయనం చేసేవారు మాత్రలో ఏముందో పరీక్షించడంతో ఆగక, దానిని ఎవరు, ఏ లోటును పూరించడానికి ఇచ్చారో కూడా నమోదు చేయవలసి ఉంటుంది.