కారులో హార్డ్‌డిస్క్‌కి కరెంటు: సిగరెట్ సాకెట్ నుంచి యూఎస్‌బీ దాకా

ధరూర్ నుంచి మాట్లాడుతున్నా. మన గద్వాల వైపు పెళ్లిళ్లు, జాతరలు షూట్ చేసే తమ్ముళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, కార్ల చార్జర్‌కి పెడితే ఫోన్ మంచిగ ఎక్కుతది. గదే చార్జర్‌కి హార్డ్‌డిస్క్ పెడితే టిక్ టిక్ అని ఆగిపోతది. ఎందుకే?" ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు గానీ, అసలు కారణం వందేళ్ల చరిత్రలో ఉంది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు లెక్క చూద్దాం. మన మండలంలో రేవులపల్లి దగ్గర జూరాల ఉంది కదా. అక్కడ ఒక్కో టర్బైన్ యూనిట్ 39 మెగావాట్లు, అలాంటివి 6, మొత్తం 234 మెగావాట్లు. మన జేబులో పట్టే 2.5 అంగుళాల హార్డ్‌డిస్క్‌కి కావాల్సింది ఎంత? స్టార్ట్ అయ్యేటప్పుడు 5 వోల్టుల దగ్గర దాదాపు 1 ఆంపియర్. అంటే 5 వాట్లు. ఇంత చిన్న కరెంటు కారు ఇవ్వలేదా? ఇస్తుంది. కానీ హార్డ్‌డిస్క్‌కి కరెంటు ఉంటే చాలదు, అది ఒక్క క్షణం కూడా తడబడకూడదు. కారు కరెంటు పుట్టిందేమో తడబడే పని కోసం.

1912కి ముందు కారు స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాల్సిందే. అది వెనక్కి కొడితే చెయ్యి విరిగేది. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 క్యాడిలాక్‌లో వచ్చింది. దాంతో బ్యాటరీ, జనరేటర్ కారులో పక్కాగా సెటిల్ అయ్యాయి. అంటే ఆ బ్యాటరీకి మొదటి డ్యూటీ ఇంజన్‌ని లేపడం. మిగతావన్నీ దాని మీద బతికే చుట్టాలే.

అలా వచ్చిన చుట్టాల్లో ఒకటి సిగార్ లైటర్. వేడెక్కాక తనంతట తానే టక్కున బయటకొచ్చే రకానికి 1956లో అమెరికాలో కాస్కో కంపెనీ పేటెంట్ తీసుకుంది. దాని పని ఏంటి? ఒక తీగ చుట్టని ఎర్రగా కాల్చడం. తీగకి 11 వోల్టులైనా ఒకటే, 14 అయినా ఒకటే. అందుకే ఆ రంధ్రాన్ని చేసినవాళ్లు వోల్టేజ్ నిలకడ గురించి పెద్దగా పట్టించుకోలేదు. పైగా లోపల ఉండేది స్ప్రింగ్ కాంటాక్ట్. మన ఊరి గుంతల రోడ్డు మీద అది ఎన్నిసార్లు ఊగుతుందో మీకే తెలుసు. ఆ 1950ల మధ్యలోనే అమెరికా కార్లు 6 వోల్టుల నుంచి 12కి మారాయి. పెద్ద ఇంజన్లు తిప్పడానికి స్టార్టర్‌కి బలం కావాలి మరి. మళ్లీ స్టార్టర్ కోసమే!

తమాషా ఏంటంటే, మొదటి హార్డ్‌డిస్క్ వచ్చింది కూడా 1956లోనే. ఐబీఎం రామాక్. 24 అంగుళాల పళ్లేలు 50, మొత్తం పట్టేది సుమారు 5 ఎంబీ. ఇవాళ మీ ఫోన్‌లో ఒక ఫొటో అంత అన్నమాట. అది చల్లటి గదిలో కదలకుండా కూర్చునే యంత్రం. ఒకటేమో రోడ్డు మీద పుట్టింది, ఇంకొకటి గదిలో పుట్టింది. ఈ రెండిటికీ పెళ్లి చేయాలని ఆ రోజు ఎవరూ అనుకోలేదు.

ఆ పెళ్లికి పంతులు యూఎస్‌బీ. 1996లో మొదటి వెర్షన్ వచ్చింది. ఇంటెల్‌లో దాని మీద పనిచేసిన టీమ్‌లో ముఖ్యుడు మన దేశంలో పుట్టిన అజయ్ భట్. కీబోర్డు, మౌస్, ప్రింటర్ లాంటివాటికి ఒకే సాకెట్ ఉండాలన్నది అసలు ఉద్దేశం. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0లో ఒక పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. 2008 నాటి 3.0లో 900. మన హార్డ్‌డిస్క్ మోటార్ లేవడానికి అడిగేది దాదాపు 1000. ఇప్పుడర్థమైందా, పాత హార్డ్‌డిస్క్‌లకి రెండు పిన్నుల వై కేబుల్ ఎందుకిచ్చేవాళ్లో?

ఇక కారులో 12ని 5 చేయాలి. మనం బీటెక్ ల్యాబ్‌లో చూసిన 7805 చిప్ పెడితే, ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు వచ్చే 14 వోల్టుల్లో 9 వోల్టులు వేడిగా పోతాయి. 1 ఆంపియర్‌కి 5 వాట్లు వాడుకుని 9 వాట్లు కాల్చేస్తాం. అందుకే ఇవాళ్టి కారు చార్జర్లలో కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేసి దించే బక్ కన్వర్టర్ ఉంటుంది. మంచిదైతే సూపర్. చవకదైతే పైన 2 ఆంపియర్లు అని రాసి ఉంటుంది, లోపల అంత దమ్ముండదు.

ఇప్పుడు అసలు పాయింట్. అదే చార్జర్‌కి ఫోన్ ఎందుకు ఓకే? ఎందుకంటే ఫోన్‌లో సొంత బ్యాటరీ ఉంది. చార్జర్ అర సెకను ఆగినా దానికి తెలీదు. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ గుర్తుందా? అందులో ఉన్నది కూడా చిన్న 5 జీబీ హార్డ్‌డిస్కే. దానికీ సొంత బ్యాటరీ ఉంది. మన పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌కి అది లేదు. మీరు తాళం తిప్పగానే డీజిల్ ఇంజన్ స్టార్టర్ బ్యాటరీని గుంజుతుంది, వోల్టేజ్ 9కి, ఒక్కోసారి ఇంకా కిందికి పడుతుంది. చాలా బండ్లలో ఆ క్షణం సాకెట్‌కి సప్లై పూర్తిగా కట్ అవుతుంది. లోపల పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, దాని మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో హెడ్ తేలుతుంటుంది. కరెంటు పోగానే, తిరుగుతున్న పళ్లెం వేగంతోనే కాస్త కరెంటు పుట్టించి హెడ్‌ని పక్కకి లాక్కుంటుంది. డిస్క్ బతుకుతుంది సరే. అప్పుడే రాస్తున్న ఫైల్ మాత్రం సగంలో ఆగిపోతుంది. అది ఎవరి తలంబ్రాల వీడియోనో కావొచ్చు. మళ్లీ పోయించలేం కదా!

మరేం చేయాలి? సింపుల్. మధ్యలో ఒక బ్యాటరీ పెట్టండి. ల్యాప్‌టాప్ ఉంటే దాన్ని కారు నుంచి చార్జ్ చేస్తూ, హార్డ్‌డిస్క్‌ని ల్యాప్‌టాప్‌కి పెట్టండి. ఫోన్‌కి ఓటీజీతో పెట్టేవాళ్లయితే బయటి పవర్ తీసుకునే హబ్ వాడండి, ఆ హబ్‌కి కరెంటు పవర్‌బ్యాంక్ నుంచి ఇవ్వండి. కాపీ అయ్యేటప్పుడు పవర్‌బ్యాంక్‌ని కారు చార్జర్‌కి పెట్టకండి, ఎందుకంటే కొన్ని పవర్‌బ్యాంక్‌లు చార్జింగ్ మొదలైనప్పుడు, ఆగినప్పుడు అవుట్‌పుట్‌ని ఒక్క క్షణం కట్ చేస్తాయి. కేబుల్ పొట్టిగా, లావుగా ఉండాలి. పొడుగు సన్న కేబుల్‌లోనే వోల్టేజ్ తినేస్తుంది, 4.75 కంటే కిందికొస్తే డిస్క్ అలుగుతుంది. బండి ఆగి ఉన్నప్పుడే కాపీ చేయండి. ఎజెక్ట్ కొట్టాకే తాళం ముట్టుకోండి.

రెండు జాగ్రత్తలు. 3.5 అంగుళాల పెద్ద డిస్క్‌కి 12 వోల్టులు కావాలి కదా అని నేరుగా బ్యాటరీకి కలపకండి. అది సాధారణంగా తట్టుకునేది 13.2 దాకా, బండి నడిస్తే వచ్చేది 14 పైనే. ఇక లారీలు, బస్సుల్లో ఎక్కువగా 24 వోల్టులుంటాయి, చార్జర్ మీద 24 అని రాసి ఉంటేనే పెట్టండి.

మోటార్ లేని ఎస్‌ఎస్‌డీ కొనగలిగితే గుంతల భయం తగ్గుతుంది. కానీ రాసేటప్పుడు కరెంటు పోతే దానికీ అదే గతి. అందుకే డిస్క్ ఏదైనా, రెండో కాపీ అయ్యేదాకా కెమెరా కార్డు చెరపకండి. ఆ వీడియోలు మనవి కావు, మనల్ని నమ్మి పిలిచినవాళ్లవి.

సరే ఫ్రెండ్స్, జమ్ములమ్మ జాతర షూట్‌కి పోయే తమ్ముళ్లకి ఇది పంపండి. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.