ద ఫెయిరీ (గులాబీ)

ద ఫెయిరీ పాలియాంథా వర్గానికి చెందిన పొట్టి పొద గులాబీ. లేత గులాబీ రంగులో చిన్న చిన్న పూలు గుత్తులుగా పూస్తుంది. 1932లో ఇంగ్లండులో వెలువడింది. ఉద్యానవనాల మడుల్లో, దారుల అంచుల్లో వరుసగా నాటడానికి ప్రపంచమంతటా పేరుపడిన రకం ఇది. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ దీనికి ఉద్యాన యోగ్యతా పురస్కారం ఇచ్చింది.

పుట్టుక

పాలియాంథాలు ఫ్రాన్సులోని లియోన్ నగరంలో పుట్టాయి. జపాన్ నుంచి వచ్చిన రోజా మల్టీఫ్లోరా ఏడాదికి ఒక్కసారే పూసే అడవి తీగ. అయితే పూసినప్పుడు గుత్తులకు గుత్తులు విరగబూస్తుంది. మళ్లీ మళ్లీ పూసే గుణం చైనా గులాబీలది. ఈ రెండు వంశాల గుణాలూ ఒక పొట్టి మొక్కలో కుదిరాయి. గియో అనే నర్సరీదారు 1875లో తెల్లని పాకెరెట్‌ను, 1881లో లేత గులాబీ వన్నె మిన్యోనెట్‌ను తెచ్చాడు. పెద్ద పూల హైబ్రిడ్ టీ వర్గంలో తొలి గులాబీగా చాలామంది చెప్పే లా ఫ్రాన్స్ (1867) కూడా ఆయన చేతి మొక్కే. తరువాత డెన్మార్కులో పౌల్సన్ కుటుంబం పాలియాంథాలను హైబ్రిడ్ టీలతో సంకరపరచింది. ఈనాటి ఫ్లోరిబండా గులాబీలకు అదే మూలం.

ద ఫెయిరీని రూపొందించినది ఆన్ బెంటాల్. లండన్ తూర్పు అంచున ఉన్న హేవరింగ్‌లో పాస్టర్ జోసెఫ్ పెంబర్టన్ హైబ్రిడ్ మస్క్ గులాబీలను పెంచి పేరు గడించారు. 1926లో ఆయన మరణించాక ఆయన తోటమాలి బెంటాల్, బెంటాల్ భార్య ఆన్ ఆ పనిని కొనసాగించారు. నారింజ ఎరుపు పాలియాంథా పాల్ క్రాంపెల్‌ను, గులాబీ రంగు తీగరకం లేడీ గేతో కలిపితే వచ్చిన మొక్క ఇదని నేడు అంగీకరిస్తున్నారు. గుత్తిపూత తల్లి నుంచి వచ్చిందనుకుంటే, నేలబారుగా వాలే కొమ్మలూ మెరిసే చిన్న ఆకులూ తీగ వంశం నుంచి వచ్చాయి.

మొక్క, పువ్వు

రెండు మూడు అడుగుల ఎత్తు పెరుగుతుంది, అంతకంటే కాస్త ఎక్కువగా పక్కలకు వ్యాపిస్తుంది. ఒక్కో పువ్వు అంగుళం, అంగుళంన్నర వెడల్పు. రేకలు ముద్దగా అమరి ఉంటాయి. గుత్తికి పది నుంచి నలభై వరకూ పూస్తాయి. వాసన లేదనే చెప్పాలి. చల్లదనంలో నిండు లేత గులాబీ రంగుతో ఉండే పువ్వు, మండే ఎండలో వెలిసి దాదాపు తెల్లబడుతుంది. ఐరోపాలో మిగతా గులాబీల మొదటి పూత తగ్గుతున్న వేళకు ఇది మొదలై చలికాలం వచ్చేదాకా సాగుతుంది. ఈ మొక్క కొమ్మలో వచ్చిన మార్పు నుంచి లవ్లీ ఫెయిరీ అనే ముదురు రంగు రకం కూడా వచ్చింది.

మన్యంలో

ద ఫెయిరీ పూల రంగు మన్యంలో చోటును బట్టి మారుతుంది. పార్వతీపురం మన్యం జిల్లా కేంద్రమైన పార్వతీపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. తూర్పు కనుమల్లోనే, 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న అరకులోయలో చలికాలపు రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి. కాబట్టి ఒకే మొక్క రెండు చోట్లా ఒకేలా ఉండదు. అరకులో రంగు నిలుస్తుంది. పార్వతీపురంలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పూసినవే చూడదగ్గ పూలు. వేసవి పూత తెల్లగా, చిన్నగా వస్తే మొక్క పాడైందని కంగారుపడి పెరికివేయకూడదు.

నాటడానికి అనువైన కాలం వానలు తగ్గే అక్టోబరు. ఎర్రమట్టి నేలలు పనికొస్తాయి, నీరు నిలిచే పల్లం పనికిరాదు. పాదులో చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి, మొక్కకూ మొక్కకూ రెండడుగుల దూరం ఉంచాలి. ఉదయపు ఎండ పడి, మధ్యాహ్నం తరువాత కొంత నీడ దొరికే చోటు కొండ దిగువ ప్రాంతాల్లో ఉత్తమం. నీరు పాదుకే పోయాలి, ఆకులపై చిలకరించకూడదు.

కొమ్మ ముక్క సులువుగా వేళ్లూనుతుంది. సొంత వేరుపై పెరిగిన మొక్క కింద నుంచి లేచే చిగురు కూడా అదే రకం. అంటుమొక్కల్లో అడుగున లేచే అడవి చిగుళ్లను పోల్చుకోలేక, వాటినే పెంచి అసలు మొక్కను పోగొట్టుకునేవారు ఎందరో ఉంటారు. సొంత వేరు మొక్కకు ఆ బెడద లేదు. గులాబీల మీద చేయి తిరగనివారికి ఇదే పెద్ద సాయం.

కత్తిరింపు ఎక్కువ అవసరం లేదు. అక్టోబరులో ఎండు కొమ్మలు తీసి, మిగిలినవాటిని మూడో వంతు తగ్గిస్తే చాలు. వాడిన గుత్తిని మొదలంటా తుంచితే కొత్త పూత త్వరగా వస్తుంది. నల్లమచ్చ తెగులును చాలా హైబ్రిడ్ టీల కంటే బాగా తట్టుకుంటుంది. వానలు ఎక్కువగా కురిసే కొండ ప్రాంతానికి ఈ గుణం ముఖ్యం. పొడి వేసవిలో ఎర్రనల్లి పట్టవచ్చు, ఆకుల అడుగు భాగాన్ని గమనిస్తుండాలి.

జడలోకో దండలోకో ఈ పువ్వును కోరుకుంటే నిరాశే. కాడ పొట్టి, పరిమళం లేదు. పెద్ద రెక్కల గులాబీలు ఒక్కొక్కటిగా చూడడానికి బాగుంటాయి గానీ, పాఠశాల ముందు మడికీ, కార్యాలయపు దారి అంచుకీ పూలవరుసగా కనిపించేది కావాలి. అలాంటి చోటికి ఒంటరిగా కాక, కనీసం ఐదారు మొక్కలు దగ్గరగా నాటితే ద ఫెయిరీయే సరైన ఎంపిక.